పట్టీ కింద ఎర్ర సున్న

మా తమ్ముణ్ణి కార్ఖానాలో అందరూ నత్త అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. అందుకు ఆ రోజు వరకూ నాకు సిగ్గనిపించలేదు. నేను నాలుగు తలుపులకు అంచు పట్టీ అంటించేసరికి వాడు ఒకటి అంటించి, దాన్నే అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటూ కూర్చుంటాడు. మాట కూడా అంతే. 'అక్కా' అని పిలిచాక అసలు సంగతి బయటికి రావడానికి ఒక పూట పడుతుంది. నాకేమో ముక్కు మీద కోపం. వాడు చెప్పేది చివరిదాకా విన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మా పెదనాన్న కార్ఖానాలో అల్మరాలు, సొరుగులు, బల్లలు తయారవుతాయి. చెక్కపొడిని నొక్కి చేసే బోర్డు పైనా కిందా నున్నగానే ఉంటుంది కానీ, కోసిన చోట అంచు విరిచిన బిస్కట్టులా గరుగ్గా ఉంటుంది. తడి తగిలితే ఉబ్బిపోతుంది. ఆ అంచును మూయడానికి సన్నటి ప్లాస్టిక్ పట్టీ అంటిస్తాం. ఎడ్జ్ బ్యాండింగ్ అంటారు. పట్టీ వెనక జిగురు ముందే పూసి వస్తుంది. పైన కాగితం వేసి ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే ఆ జిగురు కరిగి, చల్లారాక బోర్డును పట్టుకుంటుంది. పదహారేళ్లుగా నేను చేస్తున్నది అదే. నా చేతి పట్టీ ఊడిందని ఎవరూ తిరిగి వచ్చింది లేదు. ఆ మాట రోజుకు రెండుసార్లయినా అనకపోతే నాకు తిన్నది అరిగేది కాదు.

అంటించే ముందు బోర్డు అంచు మీద ఎవరి గుర్తు వాళ్లు పెట్టాలన్నది పెదనాన్న కట్టుబాటు. ఆయనది అడ్డగీత. తమ్ముడిది నత్తగుల్లలాంటి చుట్ట. నేను ఎగతాళికి పెట్టిన పేరునే వాడు గుర్తు చేసుకున్నాడు. నాది సున్న. పట్టీ అంటించేశాక ఆ గుర్తు ఎవరికీ కనపడదు, ఊడినప్పుడే బయటపడుతుంది. ఊడిన పట్టీ కింద ఎవరి గుర్తు ఉంటే వాళ్లు ఇక ఇస్త్రీ పెట్టె ముట్టకూడదు. ఇది ఉత్త బెదిరింపు కాదు. ఒకసారి అలా బయటపడింది పెదనాన్న సొంత కొడుకు గుర్తే. మా అన్న ఇప్పుడు రంగుల దుకాణంలో డబ్బాలు సర్దుతున్నాడు.

ఆ రోజు పొద్దున పళ్ల డాక్టరమ్మ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆరు నెలల కిందట ఆవిడ క్లినిక్‌లో గోడ పొడవునా పద్నాలుగు తలుపుల అల్మరా బిగించి వచ్చాం. వాటిలో ఆరింటికి పట్టీలు లేచాయట. నిన్న సాయంత్రం ఒక ఐదేళ్ల పాప అల్మరా మీద చెయ్యి రాసుకుంటూ నడుస్తుంటే, లేచిన పట్టీ అరచేతిని కోసేసిందట. మూడు కుట్లు పడ్డాయి. ఈ రోజు నాలుగింటికి శుభ్రత తనిఖీకి మనుషులు వస్తున్నారు. అంచులు అలా నోళ్లు తెరుచుకుని ఉంటే క్లినిక్‌కు తాళం వేయమంటారు.

పెదనాన్న ఫోన్ పెట్టేసి మా ఇద్దరి వైపూ చూశాడు. ఆ తలుపులు అంటించింది మేమిద్దరమే.

"సామాన్లు సర్దండి. గుర్తెవరిదో నేను కళ్లారా చూడాలి," అన్నాడు.

వ్యాన్ వెనక సీట్లో కూర్చుని దారి పొడవునా తమ్ముణ్ణి చెవిలో జోరీగలా తిడుతూనే ఉన్నాను.

"నిదానమంటే నిదానం. పోనీ చేసిందైనా గట్టిగా చేశావా? ఇద్దరు పిల్లల తండ్రివి. రేపు ఏం చేస్తావురా?"

"అక్కా, అది..." అన్నాడు వాడు.

"నువ్వు మాట్లాడకు."

వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నా అనుమానం వాడి మీదే. అనుమానమేమిటి, నమ్మకమే. కానీ కోపం ఎంతున్నా తోడబుట్టినవాడు. వాడికి ఈ పని తప్ప ఇంకోటి రాదు. రంగుల దుకాణంలో నిలబెడితే వాడు ఒక డబ్బా అందించేలోపు కొనేవాడు ఇంటికి పోయి వంట చేసుకుంటాడు. అందుకని ఒక నిశ్చయానికి వచ్చాను. పట్టీలు నేనే ఊడదీస్తాను. పెదనాన్న వచ్చేలోపు ఆ చుట్టల్ని రుద్దేస్తాను. గరుకు కాగితం ముక్క ఒకటి మడిచి జేబులో పెట్టుకున్నాను.

మేం చేరేసరికి ఒంటిగంట దాటింది. డాక్టరమ్మ కేకలు వేసి ఉంటే బాగుండేది. ఆవిడ మెల్లగా మాట్లాడింది.

"ఆ పాప మూడుసార్లు వచ్చాక గానీ నా ముందు నోరు తెరవలేదు మేస్త్రీగారూ. ఇక తెరవదు. నాలుగింటికి వాళ్లొస్తారు. అయిపోతుందా?"

"అయిపోతుందమ్మా," అన్నాడు పెదనాన్న.

లోపలి గది ఇరుకు. నడుమ రోగి పడుకునే పెద్ద కుర్చీ, దాని మీద దీపం, ఒక పక్క నీళ్ల తొట్టి, రెండో పక్క మా అల్మరా. పెదనాన్నకు మోకాళ్ల నొప్పులు, కర్ర ఊతంతోనే నడుస్తాడు. నేల మీద కూర్చుని లేవడం ఆయన వల్ల కాదు.

"మీరిద్దరూ బయట పట్టీలు కోయండి పెదనాన్నా. ఇక్కడ ముగ్గురం ఉంటే ఊపిరాడదు. ఊడదీశాక పిలుస్తాను," అన్నాను.

ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, సరేనని తమ్ముణ్ణి తీసుకుని ముందు గదిలోకి వెళ్లాడు.

మొదటి తలుపు కిటికీ పక్కది. పట్టీ చివరలు గట్టిగానే ఉన్నాయి. మధ్యలో, పిడికి బెత్తెడు కింద, లేచి పగిలింది. పగిలిన మొన కత్తిలా ఉంది. ఇస్త్రీ పెట్టె వేడెక్కాక కాగితం అడ్డం పెట్టి పై చివర నుంచి కాస్త కాస్తగా వేడి చేస్తూ, పలచటి రేకు దూర్చి లేపుతూ వచ్చాను. జిగురు దారాలుగా సాగింది. పట్టీ మొత్తం చేతిలోకి వచ్చేసింది.

కింద ఎర్ర సున్న ఉంది.

నేను దాన్ని చాలాసేపు చూశాను. చుట్ట ఉండాల్సిన చోట సున్న ఉంది. నా సున్న. ఎర్రది. ఇంకెవరి గుర్తూ ఎర్రగా ఉండదు. ఈ క్లినిక్ పని సగంలో ఉండగా నా పెన్సిల్ ఎక్కడో పడిపోయింది. పెన్సిల్ గీత ఎలాగూ సరిగా కనపడదని మా అమ్మాయి బొమ్మల పెట్టెలోంచి ఎర్ర క్రేయాన్ తెచ్చుకున్నాను. అప్పటినుంచి అదే వాడుతున్నాను. నా పని నాదని చూడగానే తెలియాలని నా ముచ్చట.

ముందు గదిలో పెదనాన్న దగ్గు వినపడుతోంది. జేబులోంచి గరుకు కాగితం తీశాను. తమ్ముడి కోసం తెచ్చిన కాగితంతో నా సున్న రుద్దేశాను. ఎర్రటి పొడి కాగితానికి అతుక్కుంది. అంచు మీద చిన్న గులాబీ మరక మిగిలింది. కావాలని చేశానా అంటే, చెయ్యి తనంతట తనే చేసింది అనాలని ఉంది. అది అబద్ధం. నేనే చేశాను.

రెండో తలుపు. ఎర్ర సున్న. మూడో తలుపు. ఎర్ర సున్న. మూడూ రుద్దేశాను. మూడో మరక తుడుస్తుండగా గుమ్మంలో కర్ర చప్పుడైంది.

"గుర్తేది?" అన్నాడు పెదనాన్న.

"కనపడలేదు."

"మూడింటికీ?"

"మూడింటికీ."

ఆయన వంగి చూడబోయాడు, మోకాలు పట్టేసి మళ్లీ నిలబడ్డాడు. ఆయన చూపు సరిగా ఆనదని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే అబద్ధమాడాను. కానీ ఆయన తర్వాతి మాట నేను అనుకోనిది.

"గుర్తు పెట్టడం మరిచిపోయేది మన దగ్గర ఒక్కడే. రెండుసార్లు చెప్పాను వాడికి. గుర్తు పెట్టనివాడు తప్పు ముందే ఒప్పుకున్నట్టు."

ఆయన వెనక, చేతిలో కొత్త పట్టీలు పట్టుకుని తమ్ముడు నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నాడు. నేను వాణ్ణి కాపాడదామని తెచ్చిన ఉపాయం తిన్నగా వెళ్లి వాడి మెడకే చుట్టుకుంది. నోరు తెరవాల్సింది అప్పుడే. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

"ఈ పని అయ్యాక మాట్లాడదాం నీతో," అని వాడితో అని పెదనాన్న వెళ్లిపోయాడు. డాక్టరమ్మ ఆయన్ని ఏదో అడగడానికి పిలుస్తోంది.

తమ్ముడు పట్టీలు కుర్చీ మీద పెట్టాడు. నా వైపు చూడలేదు. "ఇంకో మూడు కొయ్యాలి," అని గొణిగి పోయాడు.

మిగిలిన మూడు తలుపుల కిందా నా సున్నలే. వాటినీ రుద్దేశాను. మొదటి సున్న రుద్దినప్పుడు చెయ్యి వణికింది. ఆరో దానికి వణకలేదు. నా మీద నాకు భయం వేసింది ఆ వణకనందుకే. అయినా రుద్దడం ఆపలేదు.

రెండున్నరకు కొత్త పట్టీలు అంటించడం మొదలుపెట్టాను. పాత జిగురు గీకి, పెచ్చులూడిన చోట పుట్టీ నింపి, ఆరాక నునుపు చేసి, పట్టీ పరిచి, ఇస్త్రీ పెట్టె నడిపి, చల్లారే వరకూ చెక్కముక్కతో నొక్కి పట్టుకున్నాను. నా చేతులకు ఇది నిద్రలో కూడా వచ్చే పని. మొదటి తలుపు అయిపోయి రెండోది అందుకోబోతూ ఎందుకో వెనక్కి చూశాను. పిడికి బెత్తెడు కింద పట్టీ ఉబ్బి ఉంది. రూపాయి బిళ్లంత బుడగ.

మళ్లీ వేడి చేశాను, మళ్లీ నొక్కాను, యాభై లెక్కపెట్టాను. వదిలాను. బుడగ మళ్లీ లేచింది.

రెండో తలుపు కూడా అంతే. అదే చోట. గోడ గడియారంలో మూడు కావస్తోంది. చేతులు చెమటలు పట్టాయి. వేడి పెంచితే పట్టీ రంగు మారింది. తగ్గిస్తే జిగురు కరగలేదు. కాలు కాలిన పిల్లిలా ఆ చిన్న గదిలో ఒక తలుపు నుంచి ఇంకో తలుపుకు తిరిగాను.

పెదనాన్న వచ్చాడు. ఈసారి చూడలేదు, బొటనవేలితో తడిమాడు. మొదటి తలుపు. రెండో తలుపు. పిడి దగ్గర చెయ్యి ఆనించి బెత్తెడు కొలిచాడు.

"రెండింటికీ ఒకే చోట లేస్తోందే," అన్నాడు తనలో తను. తర్వాత గొంతు పెంచాడు. "ఒరేయ్, ఇలా రా. పట్టీ వెనక చెమట చెయ్యి పెట్టావా?"

"లేదు పెదనాన్నా," అన్నాడు తమ్ముడు.

"మరెందుకు లేస్తోందిరా? పాతవీ నువ్వే పాడు చేశావు, కొత్తవీ నువ్వే పాడు చేస్తున్నావు. ఆ పిల్ల చెయ్యి తెగింది చాలలేదా?"

నేల మీద నా మోకాలి పక్కన గరుకు కాగితం పడి ఉంది. గరుకంతా ఎర్రటి మైనంతో పూడుకుపోయి ఉంది. తమ్ముడు దాన్ని చూశాడు. నన్ను చూశాడు. వంగి, తన మామూలు నిదానంతో దాన్ని తీసి, ఎరుపు లోపలికి పోయేలా మడిచి, తన జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆరు నెలల కిందట కార్ఖానాలో వాడు నా పక్కకు వచ్చి, "అక్కా, ఆ క్రేయాన్..." అన్నాడు. "నా సున్న కనపడుతోందని ఏడుపా నీకు?" అని తిప్పి పంపేశాను. వ్యాన్‌లో "అక్కా, అది..." అన్నప్పుడూ వాడు చెప్పబోయింది అదే. క్రేయాన్ అంటే మైనం. మైనం మీద జిగురు నిలవదు. వేడికి రెండూ కరుగుతాయి, కానీ ఒకదాన్నొకటి పట్టుకోవు. నా పేరు ఎక్కడ రాసుకున్నానో అక్కడే నా పట్టీలు లేస్తున్నాయి. పైగా గరుకు కాగితంతో రుద్ది ఆ మైనాన్ని అంచు లోపలి దాకా పామేశాను.

ఇంతా తెలిసీ వాడు నోరు మెదపలేదు. నా తప్పు మోసుకుని రంగుల దుకాణానికి పోవడానికి సిద్ధమైపోయి నిలబడ్డాడు. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే మాట రాదని దాన్ని మింగేశాను.

"పెదనాన్నా, గుర్తులున్నాయి. నేనే చెరిపేశాను. ఆరూ నావే."

ఆయన కర్ర మీద రెండు చేతులూ ఆనించాడు.

"క్రేయాన్‌తో పెట్టాను. మైనం. అందుకే నిలవలేదు. వీడు ముందే చెప్పాడు, నేనే వినలేదు. వీడు అంటించినవన్నీ బాగానే ఉన్నాయి, తడిమి చూడండి."

ఆయన తడిమి చూడలేదు. డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడతో కూడా చెప్పాను, ఆ పాప చెయ్యి కోసింది నా పట్టీ అని. పొద్దుటి నుంచీ నేను తమ్ముడి గురించీ నా గురించీ ఆలోచించాను గానీ, ఆ పిల్ల చెయ్యి నాకు అప్పుడే మొదటిసారి గుర్తొచ్చింది. ఆవిడ గడియారం వైపు చూసింది. మూడూ పది.

"మైనం దేంతో పోతుంది?" అన్నాడు పెదనాన్న. నన్ను కాదు, వాణ్ణి.

"గీకి, పైన కాగితం వేసి వేడి చేస్తే చాలావరకు కాగితంలోకి వచ్చేస్తుంది. మిగిలింది థిన్నర్‌తో తుడవాలి," అన్నాడు తమ్ముడు. వాడు అంత పొడుగు మాట ఆగకుండా చెప్పడం నేను వినడం అదే మొదలు.

"థిన్నర్ ఎక్కడిది ఇప్పుడు?"

వాడు వెళ్లి తన సంచిలోంచి చిన్న సీసా తెచ్చాడు. పొద్దున సామాన్లు సర్దుకున్నప్పుడే వేసుకున్నాడన్నమాట. నేను గరుకు కాగితం తెచ్చుకున్నాను, వాడు థిన్నర్ తెచ్చుకున్నాడు.

పెదనాన్న నా వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే తట్టుకునేదాన్ని.

"అమ్మాయ్, నా కొడుక్కి ఒక మాటా నీకు ఒక మాటా చెప్పలేను. ఈ క్షణం నుంచి ఇస్త్రీ పెట్టె మీ తమ్ముడిది. ఈ ఆరూ మాత్రం నువ్వే అంటించాలి. వాడి చేతికిస్తే రేపటికవుతాయి."

కిటికీలన్నీ తెరిచాం. థిన్నర్ వాసన పోవడానికి డాక్టరమ్మ ఫ్యాన్ తెచ్చి గుమ్మంలో పెట్టింది. అంటించిన రెండు పట్టీలూ ఊడదీశాను. తమ్ముడు గీకాడు, కాగితం వేసి మైనం లాగాడు, తుడిచాడు. నేను వెనకే పట్టీ పరిచాను. మొదటి తలుపు చల్లారాక బొటనవేలితో నొక్కాను. లేవలేదు. ఐదు నిమిషాలు చూసే తీరిక లేదు, రెండోదానికి పోయాను.

మూడో తలుపు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. బోర్డు అంచు మీద పెన్సిల్‌తో గీసిన చిన్న చుట్ట ఉంది. మొదటి రెండింటి మీదా అప్పటికే గీసేశాడని, కంగారులో నేను చూడలేదని అప్పుడర్థమైంది.

"ఒరేయ్, అంటించేది నేను కదరా," అన్నాను మెల్లగా.

"తెలుసక్కా."

"ఇది ఊడితే నిన్ను పంపేస్తాడురా."

"తెలుసు. అంటించు, నాలుగు కావస్తోంది."

పెదనాన్న కుర్చీ పక్క నుంచి విననే విన్నాడు. "ఎవరు అంటిస్తే వాళ్ల గుర్తు కదరా పెట్టాల్సింది," అన్నాడు.

తమ్ముడు పెన్సిల్ చెవి వెనక దోపుకుని తీరిగ్గా ఆలోచించాడు. "ఇస్త్రీ పెట్టె నాదన్నారుగా పెదనాన్నా. అక్క నా పెట్టె అరువు తీసుకుంది."

పెదనాన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో నాకు కనపడలేదు.

ఆరో పట్టీ అంచులు చెక్కి, మొనలు అరగదీసేసరికి నాలుగుకు ఐదు నిమిషాలుంది. తనిఖీకి వచ్చినవాళ్లలో పెద్దావిడ చేతికి తొడుగు తీసేసి, ఒట్టి వేలితో పద్నాలుగు తలుపుల అంచులూ వరసగా తడిమింది. నేను ఆ వేలినే చూస్తున్నాను. కిటికీ పక్కదాని దగ్గర, పిడికి బెత్తెడు కింద, వేలు ఒక్క క్షణం ఆగినట్టు అనిపించింది. తర్వాత కదిలిపోయింది. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని, "ఏదో వాసన వస్తోంది, కిటికీలు తెరిచే ఉంచండి," అని మాత్రం అంది.

ఇది జరిగి ఏడాదిన్నర దాటింది. ఆ ఆరు నెలల్లో నా ఎర్ర సున్న ఎక్కిన తలుపులు పంతొమ్మిది ఇళ్లలో తేలాయి. ఒక్కో ఇంటికీ వెళ్లి నా పట్టీలు నేనే ఊడదీశాను, మైనం నేనే తుడిచాను. తమ్ముడు అంటించాడు. నెమ్మదిగానే అంటించాడు. నేను పక్కన కూర్చుని వాడు చెప్పేవన్నీ చివరిదాకా విన్నాను. మరీ అంత నిదానం ఏమీ కాదు వాడు. కార్ఖానాలో వాణ్ణి ఎవరైనా నత్త అంటే మాత్రం ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

ఇస్త్రీ పెట్టె నేను మళ్లీ ముట్టలేదు. ముట్టుకోవాలనిపించదా అంటే, రోజూ అనిపిస్తుంది.

ప్రతి నెలా మొదటి వారంలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి పోతాను. మొదట్లో పన్ను నొప్పి అని చెప్పేదాన్ని. రెండు నెలలు ఆవిడ దీపం వేసి, అద్దం పెట్టి, అన్ని పళ్లూ ఓపిగ్గా చూసింది. మూడో నెల కుర్చీలో కూర్చోబోతుంటే వద్దంది.

"పళ్లకేం కాలేదు మీకు. తలుపులు చూసుకుని వెళ్లండి," అని పక్కకు జరిగింది.

ఆరు తలుపులూ తడిమాను. పిడికి బెత్తెడు కింద, ఒక్కోచోట బొటనవేలు ఆనించి పది లెక్కపెట్టాను. నా చేతి పని కింద మా తమ్ముడి గుర్తు ఉంది. ఇప్పటికైతే ఒక్కటీ లేవలేదు.